ఇరవై యూనిట్లు

మస్కట్, ఖురం, మూడో అంతస్తు.
బయట ఎండ నలభై ఆరు.
లోపల ఫ్రిజ్‌లో నా బొటనవేలంత సీసా.
చూస్తే ఖాళీ. వెలుగుకి పట్టుకుంటే
అడుగున ఊదితే పోయేంత తెల్లని పూత.
ఉప్పునీళ్ళు ఎక్కించి మెల్లగా తిప్పుతాను, కుదపను,
పిల్ల నిద్రపోతున్న ఉయ్యాల ఊపినట్టు.

నేల తుడిచే వజ్రమ్మది రాయచోటి.
గుడ్డ పిండుతూ అడుగుతుంది:
"పాము ఇసమంట గదక్కా, నిజమేనా?"
పాముది కాదు, కంటికి ఆనని పురుగుది.
మూత ఉబ్బిన డబ్బాలో కూర చెడితే పుట్టే విషమే.
కాకపోతే కొలత వేరు, అన్నాను.
"ఆ మాట సారా తాగేవోళ్ళూ జెప్తారు."

ముడతలో పోసి పూడుస్తారనుకుంది.
పూడ్చే మందు వేరు, అది పక్క అరలో ఉంది.
ఇది కండకి కబురు అందనివ్వదు, అంతే.
'ముడుచుకో' అని నరం కేకేస్తుంది.
కేక గడప దాటదు.
ఫోర్‌మన్ విజిల్ వినపడక మీ తమ్ముడు రెడ్డెప్ప
సిమెంటు బస్తాల మీద కునుకు తీస్తాడే, అలా.
సూది గుచ్చితే తెలుస్తుంది, ఈగ వాలితే తెలుస్తుంది.
మొద్దుబారదు. కదలదు.
"నొసటి రాత గూడా చెరిపేచ్చాదా?"
లేదు వజ్రమ్మా. ముడత వరకే.

(స్టాఫుకి సగం ధర. నా నొసట మూడు గీతలు.
చేయించుకోలేదు.
చేయించుకోనని ఒట్టూ పెట్టుకోలేదు.)

బద్రియా నిజ్వా బడిలో లెక్కల టీచరు.
కనుబొమల మధ్య నిలువుగా రెండు గీతలు.
పిల్లలు వెనకనుంచి 'పదకొండు టీచర్' అంటారట.
"నాకు కోపం లేదు సిస్టర్,
లెక్క చూస్తే ముఖం అలా అవుతుంది."
రేపటికి పోతాయా?
నాలుగో రోజు మొదలవుతుంది, రెండు వారాలకి పూర్తిగా.
మానేస్తే రెట్టింపవుతాయటగా?
కావు. మీ గీతలు మీకే తిరిగొస్తాయి, వడ్డీ లేకుండా.
ఏడవగలనా?
డాక్టర్ లమీస్ నవ్వింది. కన్నీళ్ళ దారి ఇటు కాదు.
ఐదు చోట్ల నాలుగేసి.
టీచరు కళ్ళు మూసుకుని పెదాలతో ఎక్కం చదివింది.
నాలుగు గంటలు పడుకోకండి, రుద్దకండి, అన్నాను.

పదిహేనో రోజు రావాలి. రాలేదు.
ఇరవై ఏడో రోజు వచ్చింది.
తమ్ముడు. సూర్ రోడ్డు మీద, లారీ.
మూడు రోజులు ఇంటినిండా ఆడవాళ్ళు,
ఖర్జూరాలు, చేదు కాఫీ.
"గొంతు పోయేలా ఏడ్చాను.
మా పిన్ని పక్కామెతో అంది,
దాని ముఖం చూడు, పెళ్ళికొచ్చినట్టుంది."

ఫైలు తెరిచాను.
కనుబొమలు ముడవమని అడగాలి, అడిగాను.
ముడిచింది. ఏమీ కాలేదు.
'కదలిక లేదు, ఫలితం బాగుంది' అని రాయాలి. రాశాను.
విరుగుడు ఉందా?
పక్క అరలోదానికైతే కరిగించే మందుంది కొన్నిటికి.
దీనికి రోజులే.
నరం ఊరుకోదు టీచర్,
నీళ్ళ గ్లాసులో పుదీనా కాడ వేరేసినట్టు
పక్కనుంచి కొత్త మొలక తోస్తుంది.
మూడు నెలలు, పోనీ నాలుగు. కబురు మళ్ళీ అందుతుంది.
"అప్పుడు చూడ్డానికి ఎవరుంటారు?"

దానికి నా దగ్గర కరపత్రం లేదు.

వజ్రమ్మకి అరబీ రాదు, ఇంగ్లీషూ రాదు.
తలుపు దగ్గర బకెట్‌తో నిలబడి
నున్నటి నొసటినీ, కింద గడ్డాన్నీ చూసింది.
బకెట్ దింపి, చేతులు చీరకి తుడుచుకుని
మా పాంట్రీలోంచి నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చింది.
బయటికొచ్చాక నాతో అంది:
"ఈయమ్మ ఇంట్లో ఎవురో పోయినారక్కా."